పాపతో మాట్లాడకమ్మా

మా అమ్మాయికి మూడేళ్లు నిండాయి, మాటలు రాలేదు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. నోయిడాలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రామర్‌ని, మా ఆవిడ దగ్గర్లోనే ఒక బళ్లో టీచర్. పాపను చూసుకోవడానికి మా అమ్మ విజయనగరం నుంచి వచ్చి ఏడాదికి పైగా మాతోనే ఉంది. పిల్లల డాక్టరు పాప చెవులు పరీక్షించి, "సబ్ ఠీక్ హై. థోడా ఇంతజార్ కీజియే" అన్నాడు. కొంచెం ఆగండి అనేది నాకు జవాబులా అనిపించలేదు. ప్రోగ్రాము నడవకపోతే తప్పెక్కడుందో వెతికి దిద్దడం నా వృత్తి. దానంతటదే నడుస్తుంది, ఆగు అంటే ఊరుకునే రకాన్ని కాదు.

మా ఆఫీసులో ఒకే ఒక్క కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఉండేది. దాన్ని ఏసీ గదిలో పెట్టారు, చెప్పులు బయట విప్పి వెళ్లాలి. రిజిస్టర్‌లో సంతకం పెడితే భోజనాల వేళ అరగంట మనది. మోడెమ్ కీచుకీచుమని లైను కలిసేసరికి అందులో ఐదు నిమిషాలు హరీ. మిగతా సమయమంతా నేనొక న్యూస్‌గ్రూపులో గడిపేవాణ్ణి. ఒకరు తమ కష్టం ఇంగ్లీషులో రాసి పెడితే, ఎక్కడెక్కడి మనవాళ్లో చదివి తోచిన సలహా రాసే చోటది. ఆవకాయ సీసా సూట్‌కేసులో కారకుండా ఎలా సర్దాలి, తెల్ల చొక్కా మీద పసుపు మరక ఎలా పోతుంది, అలిగిన బావమరిదితో ఎలా వేగాలి, అన్నీ ఇలాంటివే. కూలర్ గడ్డి ముక్కిపోయిన వాసన రాకుండా ఏం చెయ్యాలో, ఉప్పు నీళ్లకి గీజరు పాడవకుండా ఏం చెయ్యాలో నేను రాసేవాణ్ణి. ముక్కూ మొహం తెలియనివాడెవడో థాంక్స్ చెబితే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ దిగేవి. ఆఫీసులో నన్ను ఎవరూ ఏ సలహా అడిగేవారు కాదు మరి.

ఒకరోజు పాప సంగతి రాశాను. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, టీవీలో ఇంగ్లీషు అని కూడా రాశాను. రెండు రోజుల్లో తొమ్మిది జవాబులొచ్చాయి. ఎనిమిది మందిదీ ఒకటే మాట. పిల్ల తికమక పడుతోంది, ఒక్క భాష మిగల్చండి, అది వీధిలోనూ బళ్లోనూ పనికొచ్చే భాషైతే మంచిది. వాళ్లలో డాక్టరు ఒక్కరూ లేరు. ఒకాయన వంతెనలు కట్టే ఇంజనీరు, అంతకు ముందు వారమే కుక్కరు గాస్కెట్ గురించి రాశాడు. మిగతావాళ్లెవరో దేవుడికెరుక. తొమ్మిదో జవాబు ఒక పెద్దావిడది, ఎక్కడో చలిదేశంలో ఉంటోంది. వాళ్లబ్బాయి మూడు భాషల మధ్య పెరిగి, నాలుగేళ్లు దాటాక నోరు విప్పాడట. చివర్లో, "మీ పాప ఎక్కువగా ఎవరితో నవ్వుతుంది? ఆ మనిషిని మాత్రం కదిలించకండి" అని రాసింది.

ఎనిమిది జవాబులు ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లాను. తొమ్మిదోది తియ్యలేదు.

పాప ఎవరితో నవ్వుతుందో నాకు తెలుసు. మా అమ్మకి నోరు ఊరుకోదు. పాపకి తలంటుతూ, జడ వేస్తూ, అన్నం పెడుతూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. విజయనగరంలో మా ఇంటి చుట్టూ తిరిగే ఒక దొంగపిల్లి ఉండేది. అది చేపల పులుసు కుండలో మూతి పెట్టి ఇరుక్కుపోయిన వైనం ఒక రోజు, పక్కింటివాళ్ల పెరుగు తాగి మా గడపలో ఏమీ ఎరగనట్టు పడుకున్న వైనం ఇంకో రోజు. మధ్యాహ్నం పూట పాప ఆవిడ ఒళ్లో వెల్లకిలా పడుకుని కాళ్లు తన్నుకుంటూ నవ్వేది. అంతా తెలిసే ఆ కాగితం ప్రింటు తియ్యలేదు. ఎనిమిది మంది ఒక వైపు ఉంటే తొమ్మిదో మనిషి మాట నాకు చాదస్తంలా తోచింది. అంతకన్నా నిజం చెప్పాలంటే, ఆగమని చెప్పేవాళ్లంటేనే నాకు చిరాకు.

మా ఆవిడ కాగితాలన్నీ చదివింది. "అందరూ ఇదే అన్నారాండీ?" అని అడిగింది.

"అందరూ ఇదే."

ఈ అబద్ధం సంగతి తనకి ఇప్పటికీ చెప్పలేదు. ఇది అచ్చయ్యాక చదివి తెలుసుకుంటుంది. ఏమంటుందో నేను ఊహించగలను, అన్నా పడతాను.

మర్నాటి నుంచి ఇంట్లో హిందీ ఒక్కటే అని నిర్ణయించాం. మాకిద్దరికీ వచ్చు. అమ్మకి పానీ, నహీ, బస్ తప్ప రావు. అమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని, బతిమాలుతున్నట్టే, "కొన్నాళ్లు పాపతో మాట్లాడకమ్మా" అన్నాను.

"ఎవలు సెప్పేర్రా?" అంది.

"కంప్యూటర్లో అడిగానమ్మా. చాలామంది చెప్పారు."

"ఆళ్లు మన గుంటని సూసేరేటి?"

"పాపని చూడక్కర్లేదమ్మా."

"సూడకుండానే సెప్పేరా!" అంది. అందులో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "అలగే లేరా. దానికి మాటలొస్తే నాకింకేటి కావాల?" అని మళ్లీ ఈనెలు తియ్యడం మొదలెట్టింది.

అమ్మ మాటంటే మాటే. మర్నాటి నుంచి పాప దగ్గర పెదవి విప్పలేదు. తలంటేది, జడ వేసేది, అన్నం కలిపి పెట్టేది, అన్నీ చప్పుడు లేకుండా. చలికాలం బాల్కనీలో ఎండకి ఇద్దరూ కూర్చుంటే, ఆవిడ తెలియక ఏదో అనబోయి గభాలున నోటికి చెంగు అడ్డం పెట్టుకోవడం ఒక ఆదివారం కళ్లారా చూశాను. పాప మొదట్లో ఆవిడ గెడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకునేది. పెదవుల మధ్య వేలు పెట్టి తెరవాలని చూసేది. అది చూసి నేను ఆగి ఆలోచించాల్సింది. నేనేం చేశానంటే, సోమవారం ఆఫీసుకెళ్లి, "పాప ఇప్పుడు తనంతట తానే సంభాషణ కోరుకుంటోంది, పద్ధతి పనిచేస్తోంది" అని న్యూస్‌గ్రూపులో రాశాను. వంతెనల ఇంజనీరు నన్ను అభినందించాడు.

సంక్రాంతి దాటాక అమ్మ, "అక్క దగ్గరికి ఎల్లిపోతాన్రా" అంది. మా అక్కది విజయనగరమే. "ఎన్నాళ్లని నోరు కట్టుకుని కూకోను? పొరపాట్న ఏదో అనేస్తాను, గుంటకి సెడుపు." వద్దమ్మా, ఉండు, మాట్లాడు అనాల్సింది అప్పుడే. నేను టికెట్ రిజర్వ్ చేయించి, పాపని చూసుకోవడానికి పక్క వీధిలోంచి ఒక హిందీ ఆవిడని, దీదీ అని పిలిచేవాళ్లం, మాట్లాడి పెట్టాను. స్టేషన్లో అమ్మ కిటికీలోంచి చెయ్యి చాచి పాప బుగ్గలు నిమిరింది. రైలు కదిలే దాకా నిమురుతూనే ఉంది. అప్పుడు కూడా ఏమీ మాట్లాడలేదు.

ఐదారు వారాలకి పాప దీదీ వెంట వంటింట్లోకి వెళ్లి "పానీ దో" అని నీళ్లడిగింది. మా ఆవిడ ఏడ్చేసింది. నేను పాపని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను. ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ మర్నాడు నేను రాసిన ఉత్తరం చూడాలి! మా అనుభవం అంటూ రెండు పేజీలు దంచాను. ఇంట్లో పెద్దవాళ్లకి ఇంకో భాష రాకపోతే, ముందు వాళ్లని కట్టడి చెయ్యాలని సలహా కూడా చేర్చాను. ఇక చూడండి, ఆ రోజు నుంచి పిల్లల మాటల విషయంలో నేను పెద్దమనిషినైపోయాను. నాకే నేరుగా మెయిళ్లు వచ్చేవి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, ఎవరి పిల్లనీ చూడకుండా, ఎవరి ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోకుండా, అందరికీ అదే మందు రాసిచ్చాను.

అలా రాసినవాళ్లలో వాయుసేనలో పనిచేసే ఒకాయన ఉన్నాడు. కడప వైపు మనిషి, ఢిల్లీ కంటోన్మెంట్లో క్వార్టర్లో ఉంటున్నాడు, ఆదివారాలు సైబర్ కేఫ్‌కి వెళ్లి మెయిళ్లు చూసుకుంటాడు. వాళ్లకీ మూడేళ్ల ఆడపిల్లే, ఇంకా మాటలు లేవు. ఆయన తల్లి వాళ్ల దగ్గరే ఉంటుంది, తెలుగు తప్ప రాదు. ఏం చెయ్యమంటారని అడిగాడు. "మీ అమ్మగారిని పాపతో మాట్లాడొద్దని చెప్పండి. మొదట్లో కష్టంగానే ఉంటుంది. గట్టిగా ఉండండి" అని ఐదు నిమిషాల్లో జవాబు కొట్టి టీ తాగడానికి వెళ్లిపోయాను.

మేలో సెలవలకి విజయనగరం వెళ్లాం. అమ్మ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి పాపని వాటేసుకుంది. ముద్దులు పెట్టింది, తల నిమిరింది. మాట మాత్రం లేదు. నాకు నవ్వొచ్చింది, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. "ఇంక మాట్లాడొచ్చమ్మా. దీనికి మాటలొచ్చేశాయి. మొదటి మాట ఏమందో తెలుసా? పానీ దో అంది" అని గొప్పగా చెప్పాను.

అమ్మ నా మొహం కేసి చూసింది. "మొదటి మాట అది కాదురా" అంది.

"అదేంటమ్మా?"

"అక్కడున్నప్పుడే ఒకనాడు మద్దినం, నువ్వూ కోడలూ ఇంట్లో లేరు. నా గెడ్డం పట్టుకుని 'పిల్లేదీ?' అంది, ఆ దొంగపిల్లి గురించేరా. నాను ఇనపడనట్టు ఊరుకుంటే మళ్లీ అంది. రెండు సార్లు అందిరా."

"నువ్వేం చేశావు?"

"నువ్వొద్దన్నావు కదా. మొకం తిప్పేసుకున్నాను. మరింక అన్లేదు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"సెప్తే, నాను దాంతోటి మాటాడీసేననుకుంటావని."

నేను పెరట్లోకి వెళ్లిపోయాను. మూడేళ్లు మేం ఎదురుచూసిన మాట వస్తే, దాన్ని విన్న ఒకే ఒక్క మనిషి బదులు పలక్కుండా నేనే కట్టడి చేశాను. అది చాలక, తన కొడుక్కి ఆ మాట చెప్పడానికి కూడా ఆవిడ భయపడేలా చేశాను. తిరిగి వచ్చేసరికి అమ్మ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎంతో మెల్లగా, తెలుగులో పిల్లి కథ ఎత్తుకుంది. పాప కాసేపు విని, మా ఆవిడ వైపు తిరిగి, "దాదీ క్యా బోల్ రహీ హై?" అంది. నాన్నమ్మ ఏమంటోందో దానికి అర్థం కాలేదు. అమ్మ కథ ఆపేసి, పాపకి మామిడిపండు ముక్కలు కోసి పెట్టింది.

నోయిడా వచ్చాక న్యూస్‌గ్రూపులో నా సలహా తప్పని రాశాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి అందరూ ఎండాకాలం బల్లుల్ని ఎలా తరమాలా అనే గొడవలో పడిపోయారు. కానీ ఆ వాయుసేన ఆయన నా బుర్రలోంచి పోలేదు. ఎప్పుడైనా భోజనానికి రమ్మని ఒకసారి క్వార్టర్ చిరునామా రాశాడు. ఈ మాట మెయిల్లో రాసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక ఆదివారం నోయిడా నుంచి రెండు బస్సులు మారి వెళ్లాను.

గేటు దగ్గర కబురు పంపిస్తే స్కూటర్ మీద ఎదురొచ్చాడు. నాకన్నా చిన్నవాడు. "మీరే వచ్చినారా సార్! నమ్మలేకుండా ఉండా" అంటూ బ్యాగు లాక్కున్నాడు. ఇంట్లోకి వెళ్లగానే వాళ్లావిడ నిమ్మకాయ నీళ్లు తెచ్చింది. బీరువా తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. నా మెయిలు. గట్టిగా ఉండండి అన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. వరండా తలుపు దగ్గర ఆయన తల్లి చేటలో కందిపప్పు ఏరుతోంది. పాప ఆవిడ వీపుకి ఆనుకుని బొమ్మతో ఆడుకుంటోంది. ఆవిడ నన్ను చూసి మాట లేకుండా నవ్వింది.

"మీరు చెప్పినట్టే చేస్తాండాం సార్. మూడు నెలలాయ. ఇంకా రాలే. ఇంకేమన్నా చెయ్యాల్నా?" అని అడిగాడు.

బస్సులో చెప్పాలనుకున్నదంతా మర్చిపోయాను. "నేను చెప్పింది తప్పు" అన్నాను.

"మీ పాపకొచ్చె గదా సార్?"

వచ్చిందని, నా వల్ల కాదని, మా అమ్మ చెప్పిన సంగతీ, ప్రింటు తియ్యని ఆ కాగితం సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన వింటున్నాడు గానీ, కళ్లు మాటిమాటికీ బీరువా మీది కాగితం వైపు వెళుతున్నాయి. అచ్చులో ఉన్న నన్ను నమ్మాలా, ఎదురుగా కూర్చున్న నన్ను నమ్మాలా ఆయనకి తెలియలేదు.

నేను లేచి వెళ్లి ఆ పెద్దావిడ ముందు గొంతుక్కూర్చున్నాను. "అమ్మా, పాపతో మాట్లాడండి. మీకెంత ఇష్టమైతే అంత మాట్లాడండి" అన్నాను.

ఆవిడ కొడుకు వైపు చూసింది. కొడుకు నా వైపు చూశాడు. నేను తల ఊపేదాకా ఆవిడ నోరు తెరవలేదు.