పద్నాలుగు పేజీల కృష్ణవేణి

కృష్ణవేణి రెజ్యూమె పద్నాలుగు పేజీలు. అందులో ఆమె రాసుకున్నవి నాలుగే. తక్కిన పది, కాంట్రాక్టు ఉద్యోగాలు ఇప్పించే కన్సల్టెన్సీ ఫణికుమార్ గారి చేతి చలవ. "రెజ్యూమె బరువుగా ఉండాలి మేడమ్. ఎవరు ఏ కీవర్డ్ కొట్టినా మనమే తగలాలి," అనేవాడాయన. దాంతో పద్దెనిమిదేళ్లలో ఆమె వాడిన సాఫ్ట్‌వేర్లు, చూసి వదిలేసినవి కూడా, పెళ్లి విస్తట్లో వడ్డించినట్టు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. తిన్నవాడికి ఏది కూరో ఏది పచ్చడో తెలిస్తే ఒట్టు.

2011 సెప్టెంబరు దాకా దాంతో ఇబ్బంది రాలేదు. అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్లో ఒక పాల ఉత్పత్తుల కంపెనీలో తొమ్మిదేళ్లుగా కుదురుగా పనిచేస్తోంది. స్టోర్లు పంపే ఆర్డర్లను తీసుకుని లారీలకు లోడు చెప్పే ప్రోగ్రాములు ఆమె చేతిలో ఉండేవి. ఆ నెలలో కంపెనీ ఆఫీసును వేరే రాష్ట్రానికి మార్చేసింది. కాంట్రాక్టు అయిపోయింది.

ఫణికుమార్ వారం తిరక్కుండానే మినియాపొలిస్‌లో ఇంకొకటి చూశాడు. సోమవారం తెల్లారగట్ల ఫ్లైట్ ఎక్కాలి, గురువారం రాత్రికి ఇల్లు చేరాలి. కూతురు ప్రణవికి నాలుగేళ్లప్పుడు కృష్ణవేణి రెండేళ్లపాటు సరిగ్గా అలాగే తిరిగింది. ఆ రెండేళ్లలో పిల్ల జ్వరం వచ్చినా, పీడకల వచ్చినా "నాన్నా" అని పిలవడమే అలవాటు చేసుకుంది. అది గుర్తొస్తే కృష్ణవేణికి ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ప్రణవికి ఇప్పుడు పదిహేనేళ్లు. ఇంకో మూడేళ్లలో కాలేజీకి వెళ్లిపోతుంది. ఈ ఊళ్లోనే పర్మనెంట్ ఉద్యోగం దొరక్కపోతే ఆ మూడేళ్లూ విమానాల పాలే. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ లోపల ఏదో ఒకటి చెప్పమని ఫణికుమార్ గడువు పెట్టాడు.

గ్రీన్ కార్డ్ చేతికొచ్చింది కాబట్టి ధైర్యంగా రెండు చోట్ల అప్లై చేసింది. రెండు ఇంటర్వ్యూల్లోనూ "మీ గురించి చెప్పండి" అనగానే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. మూడో పేజీకొచ్చేసరికి అవతలివాళ్లు గడియారం చూసుకున్నారు. "మళ్లీ ఫోన్ చేస్తాం" అన్నారు. చేయలేదు.

నవంబరు మొదటి ఆదివారం, అక్కడ ఏటా చేసినట్టే, తెల్లవారుజామున రెండింటికి గడియారాలు గంట వెనక్కి తిప్పారు. సోమవారం పొద్దున్నే పాత ఆఫీసు నుంచి ఉష ఫోను. కంపెనీతో పాటు కొత్త ఊరికి వెళ్లిన పిల్ల.

"అక్కా, కొంప మునిగింది! నిన్న ఆర్డర్లన్నీ డబుల్ వెళ్లాయి. పాలు ఎక్కడ పెట్టాలంటూ స్టోర్ల నుంచి ఒకటే కాల్స్. మీరున్నన్నాళ్లూ ఎప్పుడూ ఇలా అవలేదు కదా?"

కృష్ణవేణికి వెంటనే అర్థమైంది. ఆర్డర్లు పంపే ప్రోగ్రాము రాత్రి ఒంటిగంటన్నరకి నడుస్తుంది. గడియారం వెనక్కి తిప్పిన రాత్రి ఆ ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది. ప్రోగ్రాము కూడా రెండుసార్లు నడుస్తుంది. 2003లో అలాగే జరిగి పాలన్నీ పారబోశారు. అప్పుడు వారం రోజులు తల బద్దలు కొట్టుకుని దాన్ని పట్టుకుంది తనే. ఆ రోజు ఆర్డర్లు అప్పటికే వెళ్లాయా లేదా అని ప్రోగ్రాము ముందుగా చూసుకునేలా చేసింది. కొత్త టీమ్ సిస్టమ్ మార్చేటప్పుడు ఆ కాస్త ముక్కను వదిలేసింది.

"వచ్చేటప్పుడు ఇచ్చిన హ్యాండోవర్ కాగితాల్లో రాశాను కదమ్మా," అంది.

"ఎక్కడక్కా?"

కృష్ణవేణి తన కాపీ తీసి వెతికింది. "ముప్పై ఒకటో పేజీలో."

"అక్కా, ఏమనుకోకండి. అందాకా ఎవరు చదువుతారు?"

ఏం సరిచేయాలో ఉషకు చెప్పి ఫోన్ పెట్టేశాక కృష్ణవేణికి ఆ మాటే చెవిలో గింగురుమంది. తొమ్మిదేళ్లలో చేసిన అన్నిటికన్నా పెద్ద పనిని నలభై పేజీల మధ్య పూడ్చిపెట్టి తీరిగ్గా వచ్చేసింది. మరి రెజ్యూమెలో? పద్నాలుగు పేజీలూ వెతికింది. అసలు లేనే లేదు. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

ఆ రోజే కొత్తది రాయడానికి కూర్చుంది. భర్త శ్యామ్‌సుందర్ భుజం మీదుగా తొంగిచూసి, "నువ్వు సొంత డబ్బా కొట్టుకోవడం ఈ జన్మలో చూస్తాననుకోలేదోయ్," అన్నాడు.

"డబ్బా కాదండీ. జరిగిందే రాస్తున్నా."

రాస్తూ పోతే ఒక్క పేజీ అయింది. పాడైపోయే సరుకు ఆర్డర్లు తప్పుగా వెళ్లకుండా చూడటం తన పని అని పైన ఒక వాక్యం. కింద మూడు సంఘటనలు. ఏం చెడింది, తనేం చేసింది, ఆ తర్వాత ఏం మారింది. సాఫ్ట్‌వేర్ల పేర్లకు అడుగున రెండు లైన్లు చాలాయి. "ఇదేంటి మేడమ్, విజిటింగ్ కార్డా?" అని ఫణికుమార్ లబోదిబోమన్నాడు.

ఆ కాగితం పట్టుకునే మరుసటి వారం ఊరి చివర ఫ్రోజెన్ ఫుడ్ కంపెనీకి వెళ్లింది. మేనేజర్ లొరెట్టా గోడౌన్‌లో పెట్టెలు మోయడం నుంచి పైకొచ్చిన మనిషి. పేజీ అంతా చదివింది.

"పాల సంగతి మీ టీమ్ చేసిందా, మీరు చేశారా?"

"టీమ్ అంతా కలిసి..." అని అలవాటుగా మొదలుపెట్టి ఆగింది కృష్ణవేణి. "తప్పు పట్టుకున్నది నేను. సరిచేసింది నేను. టెస్ట్ చేసింది టీమ్. ఆ తర్వాత నేనున్న ఎనిమిదేళ్లలో మళ్లీ ఒక్క ఆర్డరూ రెండుసార్లు వెళ్లలేదు."

ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. నోరేం కాలలేదు. పైగా చాలా హాయిగా అనిపించింది.

"మీ దగ్గర లారీ వచ్చాక ఫ్రీజర్‌లో చోటు లేక వెనక్కి పంపిన సందర్భాలున్నాయా?" అని తనే అడిగింది.

లొరెట్టా పకపకా నవ్వింది. "నెలకి కనీసం రెండు."

"అయితే మొదటి నెల నేను దాని మీదే ఉంటాను. ఎందుకు వస్తున్నాయో కనిపెట్టి మీకు చెబుతాను. ఇంకో మాట. నేను ప్రయాణాలు చేయను. సోమవారం పొద్దున్న మా ఇంట్లోనే నిద్ర లేస్తాను."

ఏదైనా ఫరవాలేదు, సర్దుకుంటాను అని ఇంతకాలం చెబుతూ వచ్చిన మనిషి ఆమె.

రెండు రోజుల తర్వాత స్కూల్ దగ్గర ప్రణవి కోసం కార్ల వరసలో ఉండగా లొరెట్టా ఫోన్ చేసి ఉద్యోగం ఇచ్చేశామంది. ప్రణవి ఎక్కి కూర్చోగానే కృష్ణవేణి చెప్పింది.

"సో మండే నువ్వు వెళ్ళట్లేదా?" అంది ప్రణవి.

"లేదు."

"నెక్స్ట్ మండే?"

"ఏ మండే కూడా వెళ్లను."

వెనక కార్లలో స్నేహితులంతా చూస్తున్నా లెక్కచేయకుండా ప్రణవి పక్కకి వంగి అమ్మ భుజం మీద తల వాల్చింది. ముందు కారు కదిలినా కృష్ణవేణి కదల్లేదు.