ఒక్క క్రెడిట్ కోసం పెద్ద డ్రమ్ము

ఆ రోజుల్లో అమెరికాకు చదువుకోవడానికి వచ్చినవాడి ప్రాణం క్రెడిట్లలో ఉండేది. యూనివర్సిటీ చెప్పినన్ని క్రెడిట్లు తీసుకుంటే నువ్వు ఫుల్‌టైమ్ స్టూడెంటువి, నీ వీసా పదిలం. ఒక్కటి తగ్గితే నువ్వెవరివో నీకే అనుమానం వచ్చేది. ఇప్పుడు నోవై అనే ఊళ్లో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తూ, మంచు పడ్డ రోజున ఇంట్లోంచే మీటింగులు అటెండ్ అవుతున్న పెద్దమనిషిని చూస్తే ఎవరూ నమ్మరు కానీ, ఆ ఒక్క క్రెడిట్ కోసం నేను నెత్తిన ఈకల టోపీ పెట్టుకుని, నాకంటే ఎత్తయిన డ్రమ్మును లాగాను. లాగడం వరకూ బాగానే లాగాను. ఆ తర్వాత అదే నన్ను తరిమింది.

మిడ్‌వెస్ట్‌లో చుట్టూ మొక్కజొన్న చేలున్న చిన్న ఊరు మాది. ఫాల్ సెమిస్టర్ మొదలయ్యేసరికి నాకు కావలసిన కోర్సులన్నీ నిండిపోయాయి. ఒక్క క్రెడిట్ తక్కువ పడింది. నా మిగతా క్లాసులకు అడ్డం రానిది ఒకే ఒక్క కోర్సు మిగిలింది. దాని పేరు తెరమీద చోటు చాలక ‘బ్యాండ్, మార్’ దగ్గర తెగిపోయి ఉంది. కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేట్ (నాకంటే ఒక సెమిస్టర్ ముందు వచ్చాడు కనుక అందరం అతన్ని ‘అన్న’ అనేవాళ్లం, సలహాలన్నీ అతనే ఇచ్చేవాడు) తెర దగ్గరగా మొహం పెట్టి చాలాసేపు చూశాడు.

“ఇది బ్రాండ్ మార్కెటింగ్ రా. ఆర్ కొట్టుడు మర్చిపోయిండ్రు. మస్తు ఈజీ ఉంటది, తీస్కో” అన్నాడు.

తీసుకున్నాను. క్లాసు జరిగే చోటు దగ్గర ‘వెస్ట్ లాట్’ అని ఉంటే, లాట్ అనే దాత ఎవరో కట్టించిన భవనం కాబోలు అనుకున్నాను. లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని, ఇస్త్రీ చొక్కాతో వెళ్లి చూస్తే అది కార్ల పార్కింగ్. నేలంతా తెల్లగీతలు. ఆ గీతల మీద బారులు తీరి ట్రంపెట్లూ, ట్రాంబోన్లూ, మెడకు చుట్టుకున్న పెద్ద పెద్ద ఇత్తడి బాకాలూ పట్టుకున్న జనం. మధ్యలో నిచ్చెన మీద నిలబడిన ఒకాయన మెగాఫోన్‌లో కేకలేస్తున్నాడు. ఆయనే బ్యాండ్ డైరెక్టరు. నన్ను చూసి కిందికి దిగి వచ్చి, “వాట్ డు యూ ప్లే?” అని అడిగాడు. మొదటి రోజు క్లాసులో పరిచయాల కోసం అడుగుతున్నాడనుకుని వినయంగా “క్రికెట్” అన్నాను.

ఆయన నవ్వలేదు. వెనకున్న ఫ్లూట్ల వరస మాత్రం నవ్వి నవ్వి కూలబడింది. అది మార్కెటింగ్ కాదు, ఊరేగింపుల్లో నడుస్తూ వాయించే మార్చింగ్ బ్యాండ్ అని అప్పుడు నాకు అర్థమై, నా క్రెడిట్ల కష్టమంతా ఏకరువు పెట్టాను. వీసా అనే మాట బహుశా అవసరానికి మించే వాడాను. ఆయన నా బ్యాగునీ, చొక్కానీ, బూట్లనీ చూసి, వాద్యం వాయించడం రానివాళ్లకు కూడా తన బ్యాండులో ఒక చోటు ఉందనీ, అందులో ఒక మనిషి తక్కువయ్యాడనీ, సెమిస్టర్ అంతా ఒక్క రోజు కూడా మానకుండా వస్తే పాస్ చేస్తాననీ, ఏదైనా తేడా వస్తే మాత్రం ఆ క్షణాన్నే పేరు కొట్టేస్తాననీ చెప్పాడు. అలా నేను బ్యాండులోని పెద్ద డ్రమ్మును లాగే డ్రమ్ క్రూలో చేరాను.

ఆ డ్రమ్మును మా ఊళ్లో చూస్తే కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టేవాళ్లు. నాలుగు చక్రాల బండి మీద నిలువుగా నిలబెట్టిన గుండ్రటి కొండ అది. ముందు ఇద్దరు లాగాలి, వెనక ఇద్దరు తోయాలి, పక్కన పరిగెత్తుతూ ఒకడు మోదాలి. మా క్రూకి ఒక కెప్టెన్ ఉండేది. నా భుజం దాకా కూడా రాని అమ్మాయి, గొంతు మాత్రం ఆ డ్రమ్ముదే. ఆవిడ మొదటి రోజే సంప్రదాయాలన్నీ నాకు నూరిపోసింది. తెల్ల గ్లవ్స్ లేకుండా డ్రమ్మును తాకకూడదు. దాని ముందు ఆవలించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఫుట్‌బాల్ ఆటకు ముందు తీసే ఊరేగింపులో దెబ్బ మొదలయ్యాక స్టేడియం చేరేదాకా ఆగకూడదు. దారికడ్డంగా అవతలి టీము తాతలు దిగొచ్చినా ఆగకూడదు. ఎందుకని అడిగాను. సంప్రదాయం కనుక అంది. సంప్రదాయం అనే మాటకు ఎదురు చెప్పలేని ఇంట్లో పెరిగినవాణ్ని, తెల్ల గ్లవ్స్ తొడుక్కున్నాను.

యూనిఫాం ఇచ్చిన రోజున వేసుకుని అద్దంలో చూసుకున్నాను. ఎర్ర కోటు, బంగారు గుండీలు, భుజాల మీద కుచ్చులు, టోపీ మీద తెల్ల ఈకలు. పెళ్లి ఊరేగింపులో క్లారినెట్ వాయించే మనిషికి కవల సోదరుడిలా ఉన్నాను. అన్న నన్ను చూసి నవ్వుతూ నేల మీద దొర్లాడు. ఫోటో తీసి మా అమ్మకు పంపింది కూడా అతనే. ఆ ఆదివారం ఫోన్‌లో అమ్మ మామూలు విషయాలన్నీ మాట్లాడి, చివర్లో గొంతు తగ్గించి, “అంత ఫీజు కట్టి బ్యాండుమేళంలో చేరావట్రా? సరేలే, ఇక్కడెవరికీ చెప్పకు” అంది.

అయినా రెండు వారాల్లో నాకు ఆ పిచ్చి పట్టుకుంది. సాయంత్రం అయిదు కాగానే కాళ్లు వాటంతట అవే వెస్ట్ లాట్ వైపు నడిచేవి. వెనక రెండువందల మంది ఒక్కసారిగా వాయిస్తుంటే ఆ శబ్దం వీపు మీద చెయ్యి వేసి తోసినట్టుండేది. ల్యాబులో నా కోడ్ నడవకపోయినా, ఇక్కడ నా డ్రమ్ము నడిచేది.

హోమ్‌కమింగ్ వచ్చింది. ఏడాదికోసారి పాత విద్యార్థులంతా ఊరికి తిరిగొచ్చే పండుగ అది. బ్యాండులో పనిచేసిన పాతకాపులు కూడా తమ బాకాలు దులుపుకుని వచ్చి మాతో కలిసి నడుస్తారు. ఆ ఏడు ఆట కూడా చిన్నదేం కాదు, చాలా ఏళ్లుగా మమ్మల్ని వరసగా ఓడిస్తున్న టీముతో. పొద్దున మ్యూజిక్ భవనం దగ్గర డ్రమ్ముకు తుది మెరుగులు దిద్దుతుంటే ఒక డెబ్భై దాటిన పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. వెలిసిపోయిన ఎర్ర జాకెట్, దాని నిండా బ్యాడ్జీలు. మా డ్రమ్మును చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నాడు. తను కూడా ఒకప్పుడు డ్రమ్ క్రూయేనట. తన పేరు చెప్పి, అలాగే పిలవమన్నాడు. అంత పెద్దాయన్ని పేరుపెట్టి పిలవడానికి నా నాలుక తిరగలేదు. “నైస్ టు మీట్ యూ, అంకుల్” అన్నాను.

నేను ఎవరి తరఫు బంధువునని ఆయన తికమకపడ్డాడు. మా వైపు పెద్దవాళ్లంతా అంకుల్సే అని వివరించాను. ఆయనకు ఆ ఏర్పాటు తెగ నచ్చేసింది. పెళ్లిచేసుకోని మనిషట, తోబుట్టువులు కూడా లేరట, ఇన్నాళ్లకు మేనల్లుడు దొరికాడని అందరికీ చెప్పుకొచ్చాడు. ఊరేగింపు మొదలయ్యే లోపల ట్రంపెట్ల వాళ్లు, డైరెక్టరుగారి భార్య కూడా ఆయన్ని అంకుల్ అనే పిలుస్తున్నారు.

చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. పాత విద్యార్థులు డ్రమ్ము పక్కన నడవాలే తప్ప లాగకూడదని నియమం. అంకుల్ మాత్రం ముందు పిడి పట్టుకుంటానన్నాడు. కెప్టెన్ ససేమిరా అంది. ఆయన వాదించలేదు, బతిమాలలేదు, తన పాత గ్లవ్స్ జేబులోంచి తీసి మెల్లగా మడతపెట్టుకుని మళ్లీ లోపల పెట్టుకున్నాడు. అది చూసి కెప్టెన్ మొహం చిన్నబోయింది. దారిలో వచ్చే మలుపు దాకా మాత్రమే అని షరతు పెట్టి తన పిడి ఆయనకిచ్చి, తను వెనక్కి వెళ్లింది. ముందు నేను, అంకుల్. మాకు ముందు ఎవరూ లేరు, మా వెనక డ్రమ్ము, దాని వెనక మొత్తం బ్యాండు.

ఆ మలుపు అవతల స్టేడియం దాకా పల్లం. పల్లంలో ముందున్నవాళ్ల పని లాగడం కాదు, వెనక్కి వాలి బండిని ఆపుకుంటూ దిగడం. మలుపు దగ్గర జనం ఇరుపక్కలా నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఎవరో అంకుల్‌ని గుర్తుపట్టి పేరు పెట్టి అరిచారు. అంతే, ఆయన ఒంట్లోంచి యాభై ఏళ్లు దిగిపోయాయి. పిడి ఇవ్వాల్సిన చోట ఇవ్వలేదు సరికదా, “కమాన్, నెఫ్యూ” అని పరుగందుకున్నాడు.

వెనకున్నవాళ్ల చేతుల్లోంచి బండి జారింది. ఇక మేము డ్రమ్మును లాగడం లేదు, డ్రమ్మే మమ్మల్ని తోలుతోంది. పిడి వదిలితే బండి నా మీదకే వస్తుంది, వదలకపోతే నాతో సహా పోతుంది. పక్కన పరిగెత్తుతున్న డ్రమ్మరు కుర్రాడు ఆపేస్తాడేమో అనుకున్నాను. దెబ్బ ఆగకూడదన్న సంప్రదాయం వాడికి నాకంటే బాగా వంటబట్టింది. బండి వేగానికి తగ్గట్టు దెబ్బ వేగం కూడా పెంచాడు. బ్యాండు లయకి ఆ దెబ్బే ఆధారం. కాబట్టి మా వెనక రెండువందల మంది యూనివర్సిటీ పాటను రెట్టింపు వేగంతో వాయిస్తూ పల్లం దిగి పరిగెత్తుకొస్తున్నారు. ఒక్కడైనా వాయించడం ఆపడే! పొట్టలు పెరిగిన పాత ట్రాంబోన్ల వాళ్లు మూడు అడుగులకు ఒక స్వరం చొప్పున ఊదుతున్నారు. రోడ్డు పక్కన జనం ఇది ఈ ఏటి కొత్త ఐటమ్ అనుకుని కేరింతలు కొడుతున్నారు. నా టోపీ ఎప్పుడో ఎగిరిపోయింది. నేను మాత్రం పరిగెడుతూనే, ఈ సెమిస్టర్‌తో పాటు వీసా, వీసాతో పాటు ఉద్యోగం, అన్నీ ఒకదాని వెనక ఒకటి పల్లం దిగి పోతున్నట్టు స్పష్టంగా చూశాను.

పల్లం అడుగున, స్టేడియం గేటు ముందున్న గడ్డి పార్కింగులో అవతలి టీము అభిమానులు టెంట్లు వేసుకుని, గ్రిల్లు వెలిగించి, ఆటకు ముందు తిండి పెట్టుకుని ఉన్నారు. మా డ్రమ్ము మొదటి టెంటులోకి తెర తోసుకుని ప్రవేశించింది. మనుషులంతా పక్కకు గెంతారు కనుక ఎవరికీ దెబ్బ తగల్లేదు. తిండి బల్ల ఒకటి వెల్లకిలా పడింది. ఐస్ డబ్బాల గుట్టకు తగులుకుని బండి ఆగింది. నేను గడ్డి మీద బోర్లా ఉన్నాను. తలెత్తి చూస్తే అంకుల్ ఒక మడతకుర్చీలో చక్కగా కూర్చుని ఉన్నాడు. అవతలి టీము టీషర్టు వేసుకున్న ఆవిడెవరో ఆయన చేతిలో హాట్‌డాగ్ పెడుతోంది. దెబ్బ మాత్రం ఇంకా పడుతూనే ఉంది. మేము స్టేడియం చేరలేదు కదా మరి.

కెప్టెన్ ఆయాసపడుతూ వచ్చి డ్రమ్మును తడిమి చూసింది. ఎక్కడా చిరగలేదు. కానీ తెల్లటి తోలు మీద ఒక పెద్ద పసుపుపచ్చ మరక, దాని నడుమ ఎర్రటి మరక. హాట్‌డాగ్‌లో వేసుకునే మస్టర్డ్, కెచప్. ఆవిడ ఏడుపుమొహంతో జేబులోంచి గుడ్డ తీసింది. తుడవబోతుంటే నా నోటికి ఏదో ఒకటి అనకపోతే బాగోదనిపించింది.

“తుడవకు. మా ఇళ్లలో కొత్త బండి కొన్నా, మంచి పనికి బయల్దేరినా సరిగ్గా ఈ రెండు రంగులే పెడతాం. దానికి మంచి జరుగుతుంది” అన్నాను. ఆవిడ గుడ్డ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. ఆవలింతలకే భయపడే మనిషి, ఈ మాటకు పడిపోకుండా ఉంటుందా? గుడ్డ జేబులో పెట్టేసుకుంది.

అప్పుడు డైరెక్టరుగారొచ్చారు. ఎవరిది తప్పని అడిగారు. నేను లేచి నిలబడేలోగా అంకుల్ హాట్‌డాగ్ నములుతూనే చెయ్యెత్తాడు. తనదేననీ, మేనల్లుడు పాపం పిడి చివరిదాకా వదల్లేదనీ, వాడి క్రెడిట్ జోలికి రావద్దనీ చెప్పాడు. (క్రెడిట్ సంగతి నేను ఆయనకు ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. ఆ రోజుల్లో ఎదురైన వాళ్లందరికీ చెప్పేవాణ్ని.) డైరెక్టరుగారు డ్రమ్మునీ, నన్నూ, పడిపోయిన బల్లనీ మార్చి మార్చి చూసి, తర్వాత వాచీ చూసుకున్నారు.

“నేను వచ్చినప్పటినుంచీ ఈ బ్యాండు ఒక్కసారి కూడా టైముకు స్టేడియం చేరలేదు. ఇవాళ గేటు ముందుంది, ఇంకా టైముంది” అన్నారు. అని, టెంటు వాళ్లకు క్షమాపణ చెప్పి బల్ల నిలబెట్టడానికి వంగారు. ఆ మధ్యాహ్నం ఆట మేము గెలిచాం. ఎలా గెలిచామో ఆటగాళ్లకు కూడా అర్థమైనట్టు లేదు. మా క్రూకి మాత్రం అనుమానమే లేదు. సెమిస్టర్ చివర నాకు ఎ గ్రేడ్ వచ్చింది. నా మొత్తం మాస్టర్స్‌లో దానంత నిఖార్సుగా సంపాదించింది ఇంకోటి లేదు.

మొన్న అక్టోబర్‌లో, చాన్నాళ్లకు, మా ఆవిణ్ని వెంటబెట్టుకుని హోమ్‌కమింగ్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. అంకుల్ పోయి కొన్నేళ్లయిందట. కెప్టెన్ ఎక్కడో డెంటిస్టుగా ఉందట (నొప్పెడుతోందని ఆవిడతో అనడానికి ఎవరికి ధైర్యం చాలుతుందో). మ్యూజిక్ భవనం దగ్గర అదే డ్రమ్ము, చుట్టూ పిల్లలు. ఒక అమ్మాయి గ్లవ్స్ వేసుకున్న వేలితో డ్రమ్ము మీద భక్తిగా మస్టర్డ్ రాసి, మధ్యలో కెచప్ బొట్టు పెడుతోంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కమ్మింగ్ అనే ఊరి నుంచి వచ్చిందట, తెలుగు పిల్ల. ఇదేమిటమ్మా అని అడిగాను.

“ఇట్స్ లైక్ వెరీ ఓల్డ్ ట్రెడిషన్, అంకుల్. రోమన్ సోల్జర్స్ వార్‌కి వెళ్లే ముందు ఇలా చేసేవాళ్లు. మా అమ్మకి పిక్ పంపిస్తే పసుపు కుంకుమ అంది. బట్ అమ్మకి ఎవ్రీథింగ్ పసుపు కుంకుమే” అంది.

మా ఆవిడ నావైపు చూసింది. రోమన్లు గొప్పవాళ్లమ్మా అన్నాను. ముందు పిడి ఒకసారి పట్టుకోవచ్చా అని అడిగితే, ఆ పిల్ల ఎంతో మర్యాదగా, మీరు పక్కన నడవండి అంకుల్, ఇన్సూరెన్స్ ఒప్పుకోదు అంది. నడిచాను. మొదటి దెబ్బ ఛాతీలో పడగానే పక్కన నడుస్తున్న సంగతి మర్చిపోయాను. మలుపు తిరిగాక ఏం జరిగిందో మా ఆవిడ తీసిన ఫోటో వల్లే తెలిసింది. అందులో గుండీ పట్టని ఎర్ర జాకెట్ వేసుకున్న ఒక బట్టతల మనిషి, డ్రమ్ముకు రెండు బారల ముందు, చేతులు రెండూ గాల్లోకెత్తి, నోరంతా తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఏమని అరుస్తున్నారని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. మెల్లగా దించండి అన్నానో, వదిలేయండి అన్నానో, నాకు నిజంగా గుర్తులేదు.