సక్కుబాయి చేతికి మైకు దొరికింది

మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టళ్లకు కొదవలేదు. వాటిలో సక్కుబాయి హాస్టల్‌ని వెతుక్కోవడం మాత్రం తేలిక. సందు మొదట్లో నిలబడితే బోర్డు కనపడకముందే ఆవిడ గొంతు వినపడుతుంది. "ఏ బిడ్డా, తినకుండ ఎటు పోతున్నవ్? కడుపా అది, ఖాళీ డబ్బానా?" అని మెట్లు దిగిపోతున్న పిల్లని ఆపి, నోట్లో ఇడ్లీ ముక్క పెట్టిగానీ గేటు దాటనివ్వదు. ఆఫీసులో మేనేజర్‌కి ఎదురు చెప్పి వచ్చిన పిల్లలు కూడా ఆ గొంతు ముందు నోరు తెరిచేది ఇడ్లీ కోసమే.

సక్కుబాయి పుట్టింది పక్కనే ఉన్న రాయదుర్గంలో. ఆవిడ చిన్నప్పుడు మేకల్ని తోలుకెళ్లిన గుట్టల మీద ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. దాని గురించి ఆవిడకు పెద్ద బెంగేమీ లేదు. "మేకలు పోయినయ్, పోరగాండ్లొచ్చిన్రు. గడ్డికి బదులు నూడుల్స్ తింటున్రు, గంతే ఫరక్" అంటుంది. భర్త వెంకటనారాయణ పొద్దున్నే కూరగాయలు తెస్తాడు, మోటారు వేస్తాడు, తర్వాత పేపరు చదువుకుంటాడు. ఇంటికి సరిపడా మాటలు భార్యే మాట్లాడేస్తుంది కనుక ఆయన ఆ పని ఎప్పుడో మానేశాడు.

ఒక వర్షాకాలం మేడ మీద ఆరేసిన బట్టలు తీయబోయి సక్కుబాయి జారిపడింది. చీలమండ విరిగింది. దవాఖానలో కట్టు కట్టి, కాలు కింద పెట్టొద్దన్నారు. వంటమనిషి బాలమ్మ చేతికి గరిటె ఇచ్చి, సక్కుబాయి మంచమెక్కింది. మంచం మీద నుంచే వంటింటిని నడిపించబోయింది. ఉప్పెంత వేశావని గోడ అవతల్నుంచి అడిగీ అడిగీ బాలమ్మని పరేషాన్ చేసింది. బాలమ్మ బాధ చూడలేక రెండో అంతస్తులో ఉండే కావ్య ఒకరోజు ఆంటీ ఫోన్‌లో ఒక ఆట ఎక్కించింది.

ఆ ఆట పేరు కోటకావలి. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఎవరి ఫోన్‌లో వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు. మన కోటను కాపాడుకుంటూ వాళ్ల కోటను కూల్చాలి. ఆడుతూ ఒకళ్లతో ఒకళ్లు మైకులో మాట్లాడుకోవచ్చు.

"నాకేమొస్తది బిడ్డా గిది? కొట్టుడు, సంపుడు..." అంది సక్కుబాయి.

"మీరు కొట్టొద్దు ఆంటీ. వైద్యురాలి వేషం తీస్కోండి. దెబ్బ తగిలి పడ్డోళ్ల దగ్గరికి పోయి మందు వేస్తే లేచి కూసుంటరు. అంతే."

"గట్ల జెప్పు. అన్నం పెట్టుడసొంటిదే గద!"

నిజంగానే అన్నం పెట్టినట్టే ఆడింది. పడ్డవాడి దగ్గరికి పరుగెత్తి, "లే బిడ్డా, లే. ఏం గాలే. కొద్దిగ మందు తాగు" అనేది. ముక్కూమొహం తెలియని కుర్రాళ్లు హాయిగా లేచి మళ్లీ యుద్ధానికి వెళ్లేవాళ్లు. కట్టు విప్పేనాటికి ఆవిడ చుట్టూ ఒక జట్టు తయారైంది. దానికి సక్కుబాయి సైన్యం అని పేరు పెట్టినవాడు యశ్వంత్. అనంతపురం పిల్లవాడు, హైటెక్ సిటీలో ఉద్యోగం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏదో మీటింగ్‌లో ఉన్నట్టు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మరీ ఆడేవాడు. ఆ వేళకే సక్కుబాయికీ తీరిక. పిల్లలు ఆఫీసులకు పోయి, గిన్నెలన్నీ బోర్లించి, హాస్టలంతా నిశ్శబ్దంగా ఉండే సమయం. అందరినీ భోజనానికి పిలిచినట్టే ఆటకు పిలిచేది కాబట్టి నాయకురాలు కూడా ఆవిడే అయింది. జట్టులో ఎవర్ని చేర్చుకోవాలో, ఎవరి మైకు ఆపాలో ఆవిడ ఇష్టం.

జట్టులో పాలపిట్ట అనే పేరుతో ఒకరు ఉండేవారు. మైకు ఎప్పుడూ మూసే ఉంటుంది. "సరే", "వస్తున్నా" అని టైపు చేయడం తప్ప మాట లేదు. అలాంటివాళ్లు ఆ ఆటలో చాలామంది ఉంటారని కావ్య చెప్పింది. ఆడగొంతు వినపడితే సగం మంది ఆట మానేసి మీ ఊరేదని మొదలుపెడతారట. మిగతా సగం, ఓడిపోయింది అందుకేనని తేల్చేస్తారట. సక్కుబాయి గొంతుకు మాత్రం ఆ బాధ రాలేదు. అది వినగానే ఎవరికైనా కాళ్లూ చేతులూ కడుక్కుని పీట మీద కూర్చోవాలనిపిస్తుంది.

కొన్నాళ్లు ఇలాగే సాగింది. ఇంతలో ఆట తయారుచేసినవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. జట్లకు వారం వారం ర్యాంకులు పెట్టారు. ఆట అయిపోగానే పది పేర్లతో ఒక పట్టిక కనిపించేలా చేశారు. ఎక్కువసార్లు పడిపోయినవాడి పేరు పక్కన ఎర్రటి పుర్రె బొమ్మ వేశారు. అంతకుముందు ఓడిపోతే "పాయె, ఇంకోటి ఆడుదాం" అనుకునేవాళ్లు. ఇప్పుడు తప్పు ఎవరిదో ఆటే వేలుపెట్టి చూపిస్తుంటే చూడకుండా ఎలా ఉంటారు?

మొదటి తిట్టు తిట్టులా కూడా లేదు. కొత్తగా చేరిన ఒక కుర్రాడు కోట గుమ్మంలో ఊరికే నిలబడిపోతే సక్కుబాయి అంది: "ఏంది నాయనా, కావలి ఉండుమంటే పెండ్లి కొడుకు లెక్క నిలబడ్డవ్? బాజా కొట్టేటోళ్లు రావాల్నా?"

అందరూ పడీపడీ నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వాడు. యశ్వంత్ ఆ మాటని రికార్డు చేసి నలుగురికీ పంపాడు. నలుగురు నలభై మందికి పంపారు. మర్నాడు ఆటలోకి రాగానే, "ఆంటీ, ఈరోజు ఇంకో డైలాగు కొట్టాల మీరు" అని అడిగారు. జీవితమంతా అన్నం బాగుందన్నవాళ్లే తప్ప మాట బాగుందన్నవాళ్లు సక్కుబాయికి దొరకలేదు. ఇంట్లో వినేవాడేమో పేపరు అడ్డం పెట్టుకుంటాడు. ఇక ఆగుతుందా? ఒకటి కొట్టింది. తర్వాతి రోజు రెండు.

అయితే నిన్నటి ఘాటు ఇవాళ చాలదు. పచ్చిమిరపకాయ అలవాటైన నాలుకకు ఇంకో కాయ కావాలి. పెండ్లి కొడుకు కాస్తా సోంబేరి అయ్యాడు, సోంబేరి దున్నపోతయ్యాడు, దున్నపోతు పీనుగయ్యాడు. పైగా ఆవిడను చూసి మిగతావాళ్లూ నేర్చుకున్నారు. వాళ్లకు ఆవిడ చమత్కారం లేదు, వట్టి కారమే ఉంది. "నీ చేతులిరగ" అని సక్కుబాయి అంటే అందులో కొంచెం అమ్మతనం వినపడేది. అదే మాట యశ్వంత్ అంటే చేతులు విరగాలనే వినపడేది. కొత్తగా వచ్చినవాళ్లు ఇది ఈ ఇంటి ఆచారం కాబోలనుకుని, చేరిన రోజే ఎవరో ఒకర్ని తిట్టి ఆచారం పాటించేవాళ్లు. నెమ్మదస్తులు ఏమీ అనకుండా ఒక్కొక్కరే జట్టు వదిలారు. వెళ్లేవాళ్లు చప్పుడు చేయలేదు కనుక ఎవరూ గమనించలేదు. ఉన్నవాళ్ల చప్పుడు మాత్రం రోజురోజుకూ పెరిగింది. మందు వేయాల్సిన వైద్యురాలు ఇప్పుడు పడ్డవాడి పక్కన నిలబడి ముందు తిట్టి, తర్వాత మందు వేస్తోంది. ఒక్కోసారి తిట్టు పూర్తయ్యేలోపు వాడు చచ్చేవాడు.

"ఏందే, ఎవర్ని గట్ల తిడుతున్నవ్?" అని ఒకరోజు వెంకటనారాయణ పేపరు దించి అడిగాడు.

"ఎవరో. నాకేం తెలుసు?"

తెలియని మనిషిని అంత శ్రద్ధగా తిట్టడం ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

ఆ రోజుల్లోనే మూడో అంతస్తులో ఉండే భార్గవికి ఉద్యోగంలో చిక్కొచ్చింది. కర్నూలు వైపు పిల్ల, రాత్రి షిఫ్టు, మాట చాలా తక్కువ. పని బాగాలేదు, మెరుగుపడకపోతే తీసేస్తామని కంపెనీవాళ్లు చెప్పారట. పొద్దున షిఫ్టు నుంచి వచ్చి వంటింటి గడప దగ్గర కూర్చుని ఏడ్చింది. సక్కుబాయి తల నిమిరి, వేడి వేడి ఉప్మా పెట్టి, "జీతమిచ్చేటోడు లోకంల వాడొక్కడేనా? జర ధైర్యంగ ఉండు బిడ్డా. ఫికర్ చెయ్యకు" అంది. మనసారా అంది.

ఆ మధ్యాహ్నమే సక్కుబాయి సైన్యానికి పెద్ద పోటీ. గెలిస్తే ర్యాంకు ఎక్కడికో వెళ్తుంది. ఆట చివర్లో పాలపిట్ట ఎందుకో తడబడింది. వెళ్లాల్సిన వైపు కాకుండా మరోవైపు వెళ్లి పడింది, లేచి మళ్లీ పడింది. కోట కూలింది. పట్టికలో పాలపిట్ట పక్కన ఎర్ర పుర్రె మెరిసింది. యశ్వంత్ మొదలుపెట్టాడు, ఇంకొకడు అందుకున్నాడు, అందరూ ఆంటీ కోసం ఆగారు.

సక్కుబాయి మైకు దగ్గరికి తీసుకుంది. "నీ అసొంటి పనికిమాలినోళ్లకు జీతమిచ్చే కంపెనీ ఏదో గని, దానికి తాళం పడుతది. పొయి ఇంట్ల కూసో!"

నవ్వులే నవ్వులు. పాలపిట్ట "సరే" అని టైపు చేసి వెళ్లిపోయింది.

కాసేపటికి భార్గవి కిందికి దిగింది. సక్కుబాయి బియ్యం ఏరుతోంది.

"ఆంటీ, నేను నెలాఖరుకి ఖాళీ చేస్తాండా."

"ఏందే బిడ్డా! ఎందుకు? నీళ్లొస్తలేవా? బాలమ్మ కూర మంచిగ చేస్తలేదా?"

"కూర బాగుంటాది ఆంటీ."

"మరేంది? ఎవరన్న ఏమన్నన్నరా? చెప్పు, దాని సంగతి నే చూస్త!"

"పాలపిట్ట నేనే ఆంటీ" అంది భార్గవి.

సక్కుబాయి చేతిలో చేట అలాగే ఆగిపోయింది.

"పొద్దున ధైర్యం చెప్పిన గొంతే మధ్యాహ్నం తాళం పడుతుందనె. రెండిట్లో ఏది నమ్మాల్నో తెలీలేదు నాకు. మీరు చేరమన్నారని మీ జట్టులోకి రాలేదు నేను. మీ గొంతు విని వచ్చినా. ఇంటికి దూరంగా ఉండాం కదా, 'లే బిడ్డా' అంటాంటే బాగుండె."

"అయ్యో, నువ్వని తెలిస్తే అంటనా తల్లీ?"

"నేను కాకుంటే అనొచ్చునా ఆంటీ?"

సక్కుబాయి ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతూ కూర్చుంది. బాలమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది, ఆంటీకి ఒంట్లో బాగాలేదేమోనని. ఆ రోజు సక్కుబాయి ఎవర్నీ ఏమీ అనలేదు. భర్తకు అన్నం వడ్డిస్తూ, "నా నోరు మంచిది కాదా?" అని అడిగింది. ఏం చెబితే ఏమవుతుందో తెలిసిన మనిషి కాబట్టి వెంకటనారాయణ ఇంకాస్త పప్పు వేయమన్నాడు. అది జవాబేనని ఆవిడకు అర్థమైంది.

మర్నాడు ఆటలో ఒకడు పడ్డాడు. అందరూ ఎదురుచూశారు. "ఏం గాలే బిడ్డా, లే" అంది సక్కుబాయి. నెట్ సరిగా లేదేమో అనుకున్నారు. రెండోవాడు పడ్డాడు. "లే నాయనా."

"ఆంటీ, ఏమైందాంటీ మీకు? కరెంటు పోయిందా?" అన్నాడు యశ్వంత్.

"ఇగ తిట్లు బంద్. ఎవరన్న పడితే ముందుగాల పొయి లేపాలె. మాట తర్వాత."

తమాషా అనుకుని నవ్వారు. కాదని తెలిశాక విసుక్కున్నారు. అలవాటైన వినోదం దొరక్క, చివరికి ఆవిడ మీదే పడ్డారు. ముసలమ్మా, పోయి వంట చేసుకో అన్నాడొకడు. ఆవిడే నేర్పిన మాటని ఆవిడకే అప్పజెప్పాడు ఇంకొకడు. సక్కుబాయి నాలుక చివర ఎంతటి సమాధానం వచ్చి నిలబడిందో దేవుడికే తెలియాలి. కొంగు నోట్లో కుక్కుకుని, యశ్వంత్ మైకు ఆపేసింది. వాడు అలిగి సగం జట్టును వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ర్యాంకు బావిలో రాయిలా జారిపోయింది.

ఆ వారమే సక్కుబాయి మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్లింది. కాలు ఇంకా నొప్పి పెడుతోంది. "బిడ్డా, నేనన్నది తప్పు. నిన్నన్నా తప్పే, ఎవరినన్నా తప్పే. నువ్వు ఉంటవో పోతవో నీ ఇష్టం. ఆ మాట మాత్రం మనసుల పెట్టుకోని పోకు" అని చెప్పి, సున్నుండల డబ్బా అక్కడ పెట్టి వచ్చేసింది.

భార్గవి వెళ్లనే వెళ్లింది. కోపంతో కాదు. ఆ కంపెనీ మానేసింది, లింగంపల్లి దగ్గర వేరే ఉద్యోగం దొరికింది, పగటి షిఫ్టు. వెళ్లేరోజు సక్కుబాయి ఏడ్చి, ఆటోవాడితో కిరాయి బేరమాడి, మళ్లీ ఏడ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఆటలో పాలపిట్ట కనిపించింది. కొద్దిసేపటికి మైకు తెరుచుకుంది. "ఆంటీ, ఎడమపక్క వస్తాండారు, సూసుకోండి!" సక్కుబాయి సంబరంలో కుడిపక్కకు తిరిగి చచ్చిపోయింది.

ఇప్పుడు సైన్యంలో మిగిలింది కొద్దిమందే. ఎక్కువగా ఓడిపోతారు. అడుగు ర్యాంకులో ఉన్నా ఆట మాత్రం మానరు. వేరే జట్టులో యశ్వంత్ పేరు పక్కన వరసగా ఎర్ర పుర్రెలు పడ్డాయట. అక్కడ లేపేవాళ్లు లేరు. ఒకరోజు వచ్చి, "ఆంటీ, మళ్లీ చేర్చుకుంటారా?" అని గొణిగాడు.

"తిన్నవా?" అంది సక్కుబాయి.

"తినలేదాంటీ, మీటింగ్‌లో ఉన్నా."

"ముందు తినిరాపో. తర్వాత చూద్దాం."

ఆదివారం నాడు చేర్చుకుంది. మొదటి ఆటలోనే వాడు మూడుసార్లు పడ్డాడు. "ఏం పర్వాలేదు నాయనా" అని సక్కుబాయి పళ్ల బిగువున అన్న తీరుకు మైకులో వింటున్న భార్గవి, కావ్య నవ్వలేక చచ్చారు.

అలాగని సక్కుబాయి పూర్తిగా మారిపోయిందనుకుంటే పొరపాటు. ఆటలో అణుచుకున్న మాటలన్నీ ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా. వేసవిలో నీళ్ల ట్యాంకర్ తెచ్చే శేఖర్ ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. గేటు దగ్గరే ఆవిడ అందుకుంది. వాడి బండిని, బండి హారన్‌ని, వాడు సందు మలుపు తిరిగే పద్ధతిని విడివిడిగా, తీరికగా వర్ణించింది. పైప్ పట్టుకుని తలొంచుకుని అంతా విన్న శేఖర్ చివరికి దండం పెట్టాడు.

"అమ్మా, మీరు ఫోన్‌ల ఏదో ఆట ఆడుతరంట గద. అండ్ల ఎవర్నీ ఏమనరంట. నన్ను గూడ అండ్ల చేర్చుకోరాదున్రి!"