గడ్డిమేటు కింద ముగ్గురు

తెల్లదొరల మీద తిరగబడి పోలీసు కాల్పుల్లో పోయిన ముగ్గురు కొండవాళ్లకు స్మారక స్తంభం కట్టాలని, పట్టిసీమ దగ్గర మా పెద్దమ్మ ఊళ్లో నిరుడు ఒక కమిటీ వేశారు. అప్పట్లో పోలీసులు శవాలను గోదావరిలో పారేయమని చెప్పి వెళ్లిపోతే, పెద్దమ్మ మామగారు ఎవరి కంటా పడకుండా ఎక్కడో పూడ్చిపెట్టారన్నది ఊరంతా విన్నదే. ఎక్కడన్నది మాత్రం ఎనభై తొమ్మిదేళ్ల పెద్దమ్మ ఒక్కతెకే తెలుసు.

రిటైరైన తెలుగు మాస్టారినని, ఫలకం మీద రాత చూడమని నన్ను పిలిచారు. కమిటీ ప్రెసిడెంటు గారికి రోడ్డు పక్కన ఎరువుల కొట్టు ఉంది. స్తంభం కొట్టు ఎదురుగా పెడితే వచ్చేపోయే కార్లకు కనబడుతుందని ఆయన ఆలోచన. ఫలకం నమూనాలో ఆయన పేరు బెత్తెడు అక్షరాలతో ఉంది. చనిపోయినవాళ్ల సంగతి అడుగున ఒక్క వరుస.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది.

“పోయింది మీరా బాబూ, వాళ్లా?” అని మర్యాదగానే అడిగింది.

ఆయన నవ్వేసి, ముందు చోటు చూపించమన్నారు. ఆవిడ కర్ర పుచ్చుకుని తిన్నగా ఎరువుల కొట్లోకి నడిచింది. యూరియా బస్తాల మధ్య నిలబడి నేల మీద రెండుసార్లు కొట్టింది.

“ఇక్కడేనండి. కొట్టు తీయించేస్తే సరిపోతుంది.”

ప్రెసిడెంటు గారు బస్తా మీద కూలబడ్డారు. నేను నవ్వు ఆపుకోలేక కండువా అడ్డం పెట్టుకుని దగ్గాను.

వారం రోజులు ఆయన నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. మామ్మగారికి వయసు మీద పడింది కదండీ, గుర్తు తప్పారేమో కనుక్కోండి అని. వెళ్లి అడిగితే, ఫలకం మీద ఆయన పేరు తీసేస్తే తనకు జ్ఞాపకం రావచ్చంది పెద్దమ్మ. ఆ కబురు చేరవేశాను. మర్నాడే కొత్త నమూనా వచ్చింది. అందులో ప్రెసిడెంటు గారు లేరు.

అప్పుడు మమ్మల్ని తన కళ్లంలోకి తీసుకెళ్లి గడ్డిమేటు చూపించింది. అక్కడ నాగలి తగలకూడదని మామగారు ఏటా మేటు అక్కడే వేయించేవారట. ఆయన తరవాత ఈవిడ వేయించింది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ మేటు మీంచి జారి ఆడుకున్నది మేమే.

“మరి మమ్మల్నెందుకు ఎక్కనిచ్చావు పెద్దమ్మా?”

“పిల్లలు దొర్లి ఆడే చోట ఎవడు తవ్వుతాడ్రా?” అంది.

ఆ ముగ్గురి పేర్లు ఎవరికీ తెలియవు. రాయి మీద ఆ మాటే రాశాను.

కళ్లంలో స్తంభం ఆవిష్కరించిన రోజు కొండ ఊళ్ల నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. ఉపన్యాసాలు సాగుతుండగానే వాళ్లు రాయి దగ్గర కూర్చుని, చుట్టలు వెలిగించి మూడింటిని రాయి ముందు పెట్టారు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి వెళ్లి వాళ్ల పక్కన చతికిలబడింది. ఇంకొకటి ఉందా అని అడిగి తీసుకుంది. ఆవిడ చుట్ట కాలుస్తుందని నాకు అరవై ఏళ్లు దాటాక, ఆ పూట తెలిసింది.