వాగు రంగు చెప్పిన ఆపా

అక్కా అన్నట్టు మేమంతా ఆపా అని పిలిచే మా పొరుగింటామె పోయింది. మొన్న శుక్రవారం పొద్దున నల్గొండ దవాఖాన నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి, "కాకా, అమ్మి లేదు" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. వానాకాలం నడుస్తున్నది, ఇక వాగు సంగతి ఎవరినడగాలి?

హాలియా వైపు పోయే మా చిన్న వాగుకు మూడు పాయలు. పడమటి గుట్ట మీద పడ్డ వాన ఎర్రగా ఉరికొచ్చి, అంతే తొందరగా పోతుంది. చౌడు నేలల వాన పిండి కలిపినట్టు తెల్లగా వస్తుంది. నల్లరేగడి నీళ్లు అన్నిటికన్నా ఆలస్యంగా వస్తాయి, వచ్చాయంటే మనిషి మునుగుతాడు. ఆపా గాజుల మలారం భుజాన వేసుకొని ఆ మూడు దిక్కుల ఊర్లూ తిరిగిన మనిషి. ఏ నీళ్లు ఎక్కడివో చూడగానే చెప్పేది.

ఒక ఏడు మా ఊళ్లో చుక్క వాన లేదు. నేను ఎడ్లను వాగులోకి దింపాను. అవతలి నుంచి ఆపా ఎదురొచ్చింది.

"తమ్మీ, ఎడ్లను ఎనక్కి మర్రగొట్టు."

"నెత్తిమీద ఎండ కొడుతాంది, వాగెట్లొస్తదాపా? గాజులమ్మేదానివి, నాకు సేద్యం జెప్తవా?"

"సేద్యం నువ్వే జేస్కో. బతికుంటే."

నా కాళ్ల దగ్గర సన్నగా పారే ఎర్రనీళ్లలో నలుపు కలుస్తున్నదని వేలితో చూపించింది. మేం ఒడ్డెక్కామో లేదో, వేర్లతో సహా తుమ్మచెట్టును దొర్లించుకుంటూ వాగు వచ్చింది. నేను ఎడ్ల పగ్గాలు పట్టుకొని నిలబడ్డాను. ఆపా నవ్వింది. "ఏందయ్యా పటేలా, మీసాలు గూడ వణుకుతున్నయి?"

నేను ఎవడికీ భయపడేవాణ్ణి కాదు. ఆ వాగుకు మాత్రం ఆనాటి నుంచి భయపడతాను.

నిరుడు గుట్ట కింద ప్లాట్లు చేశారు. రోడ్డు కోసం మట్టి పోసి ఎర్రపాయను రేగడి దిక్కు తిప్పారు. తొలి వరద వచ్చిననాడు ఆపా ఒడ్డున కూర్చొని నీళ్లు దోసిట్లోకి తీసుకుంది, పారబోసింది, మళ్లీ తీసుకుంది.

"గివి ఏ దిక్కు నీళ్లో నాకు సమజైతలేదు తమ్మీ."

ఆమె భయపడటం నేను అంతకుముందు చూడలేదు.

"రేపు నేను లేకుంటే జనం నిన్నడుగుతరు. ఎరుక లేకుంటే ఎరుక లేదని జెప్పు. ఆగుమను. తిట్టుకుంటే తిట్టుకోనీ."

నిన్న సాయంత్రం అడగనే అడిగారు. పత్తిచేను కలుపుకు పోయిన నా కోడలు, ఇంకొందరు ఆడవాళ్లు అవతలి ఒడ్డున నిలబడ్డారు. నీళ్లు బురదరంగులో ఉన్నాయి. ఎరుపు, నలుపు, తెలుపు ఏదీ తేలలేదు.

"మామా, మోకాలు లోతు గూడ లేవు. దిగుతమా? ఇంట్ల పిల్ల ఆకలికి ఏడుస్తుంటది."

దిగమంటే ఏమవుతుందో, ఆగమంటే ఎందాకనో. ఆపా చెప్పమన్న ఆ మాట పుట్టి బుద్ధెరిగి నేను ఎవరి ముందూ అనలేదు.

"నాకు ఎరుక లేదు బిడ్డా. ఆగుండ్రి."

"ఎంతసేపు మామా?"

ఆగమన్నట్టు చెయ్యెత్తాను. ఎవరో గొణిగారు. ఒకరి తర్వాత ఒకరు టిఫిన్ డబ్బాలు కింద పెట్టి, ఒడ్డు మీద వరుసగా కూర్చున్నారు. ఇవతల నేను, నీళ్లు పెరుగుతాయో తగ్గుతాయో అని, నీళ్ల అంచున ఉన్న ఒక రాయిని చూస్తూ నిలబడ్డాను. అది సగం తడిసి ఉంది.