దున్నని చేను

మా ముత్తాత ఊరికి మణియకారుడు. శిస్తు ఆయన చేతిమీదుగానే కట్టాలి. ఆయన తర్వాత మా తాత లేకుండా పంచాయతీ కూర్చునేది కాదు. తొలకరికి మా ఇంటి నాగలి మొదటి చాలు తీశాకే తక్కినవాళ్లు కాడి ఎత్తేవారు. నా చేతికి వచ్చేసరికి సోగత్తూరు దగ్గర మిట్టమీద నాలుగెకరాల గరుసునేల మిగిలింది. తొలిచాలు మర్యాద కూడా మిగిలింది.

పక్క చేను మా పాత సేద్యగాడి కొడుకుది. వాళ్ల నాయన మా నాయనను సామీ అనేవాడు. ఇతను నన్ను అన్నా అంటాడు. కొన్నేళ్లుగా అతను దున్నడమే మానేశాడు. మొక్కజొన్న కోశాక చొప్పలో సగం పశువులకు వేసి, సగం నేలమీదే పరిచి వదిలేస్తాడు. వాన పడగానే ఆ చొప్ప సందుల్లో కర్రతో పొడిచి గింజ వేస్తాడు, నడుమ అలసంద. చెత్తకుప్ప సేద్యమని నేను నలుగురిలో నవ్వాను. నాగలే కట్టనివాడికి నా తొలిచాలుతో పనేమిటి? లోపల మండింది అందుకే.

ఆ ఏడు వాన ముందే పడింది. అతను మర్నాడే విత్తాడు. నేను పంచాంగం చూసి, మంచిరోజు దాకా ఆగి, తొలిచాలు తీసి, చేనంతా దుమ్ము లేచేలా దున్నించి విత్తాను. ఆ తర్వాత నెల దాటినా చినుకు లేదు. నా పైరు మోకాలెత్తులోనే ఆకు చుట్టేసింది. అది ఎండితే మా రెండు ఆవులకూ పెయ్యకూ వేసవి మేత ఉండదు. గట్టు అవతల అతని పైరు నల్లపచ్చగా ఎదిగి నిలబడింది. అది చూసి వచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఎవరూ లేరనుకుని అతని చేలోకి దిగాను. చొప్ప పైకెత్తి నేలలో వేలు గుచ్చాను. చల్లగా, తడిగా ఉంది. ఒక వానపాము మెదిలింది. దాన్ని చూసి కూడా కడుపు మండింది.

"ఏంనా, ఏమన్నా పారేసుకుంటివా?" వెనక అతను.

"మా పెయ్య ఇట్లా వచ్చిందేమోనని చూస్తా ఉండాను."

"పెయ్య చొప్ప కిందికి దూరిందా!" పడీపడీ నవ్వాడు. తర్వాత నెమ్మదిగా, "మేత చాలకుంటే చెప్పునా, పది మోపులు ఎత్తుకో. వచ్చే తూరి నువ్వూ దున్నకుండా చూడు. నేనొచ్చి చూపిస్తా."

"మా ఇంటికి పక్కోళ్ల మేత వచ్చిన దినం లేదు."

"మా నాయన మోసినాడు గదనా మీ ఇంటికి, నేనూ మోస్తా. ఏం పోయింది?"

చేతిలోని చొప్ప అక్కడే పడేసి గట్టు దాటి వచ్చేశాను. ఇంట్లో చెబితే నా భార్య చేట కింద పెట్టింది. "పౌరుషం నమిలి పాలిస్తాయా ఆవులు? పోయి తెండి."

పోలేదు. మేత తెస్తే అతని సేద్యాన్నీ ఒప్పుకున్నట్టే. అతను చూపిన దారిలో నా చేను పచ్చబడితే ఊరు చెప్పుకునేది అతని పేరే. నా చేలో చొప్ప మొదలంటా కోసినా రెండు నెలలకు చాలలేదు.

ఎండలు ముదరకముందే రెండు ఆవులనూ పెయ్యనూ కారిమంగళం సంతలో అమ్మాను.