మొత్తానికి బాగున్నాడన్నారు

మా తమ్ముడి సంగతి నాకు మొదట చెప్పింది మా మరిది. ఆళ్ళగడ్డ నుంచి బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

“వదినా, ఆడ విగ్రహాలు చెక్కే షెడ్డులో రాయి జారిందంట. మొత్తానికి మీ తమ్ముడు బాగుండాడు.”

“యాడ తగిలిందప్పా?”

“అదే చెప్తాండా గదా. మొత్తానికి బాగుండాడు.”

మరదలికి ఫోను చేశాను. ఆమె కూడా మొత్తానికి భయమేం లేదంది. ఆ మాటతోనే నాకు కాలు నిలవలేదు. ఉన్న చీరతోనే నంద్యాల బస్టాండుకు పోయాను. ఆళ్ళగడ్డ బస్సెక్కినా కూర్చోలేకపోయాను. జపం మొదలుపెడితే మధ్యలో తెగిపోయేది.

నేను బడికి పోలేదు. మా నాయనే ఇంట్లో చదువు చెప్పాడు. లెక్క కింద కూడిక వేసేటప్పుడే కాదు, దీపం ముందు కూడా ఆయన “వెరసి” అనేవాడు. బావిలో నీళ్ళున్నాయి, అమ్మకు జ్వరం తగ్గింది, వెరసి దేవుడు మనల్ని చూసినాడు. అన్నీ వరసగా చెప్పాకే ఆ మాట. ఒకటి మరిస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవాడు. “మొత్తానికి” అట్లా కాదు. చెప్పలేనివన్నీ దాని కిందికి తోసెయ్యొచ్చు.

ఆసుపత్రిలో తమ్ముడి ఎడమ చేతికి పెద్ద కట్టు. పక్కన కూర్చుని, నాకు తెలియకుండానే నేనూ అనేశాను, మొత్తానికి ప్రాణం దక్కిందని.

“నువ్వు గూడా ఆ మాట అనొద్దక్కా,” అన్నాడు. “పొద్దున్నుంచి అందరూ అదే. రెండు వేళ్ళు పోయినాయి. ఉలి పట్టేది ఆ చేత్తోనే. కుడి చెయ్యి బాగుంది. ఆకలైతాంది.”

ఇడ్లీ తెచ్చి తినిపించాను. అన్నీ విడివిడిగా విన్నాక ఎందుకో కాస్త ఊపిరాడింది. ప్రాణం ఉంచినందుకు, కుడి చెయ్యి మిగిల్చినందుకు, ఆకలి ఇచ్చినందుకు దేవుడికి మొక్కాను. వేళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయాను.

కట్టు విప్పాక మళ్ళీ షెడ్డుకు పోతున్నాడు. మూడు వేళ్ళతో ఉలి పడుతున్నాడు, జారుతోంది, మళ్ళీ పడుతున్నాడు. పట్టు నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు.

శిల్పం మీద చెక్కినవాడి పేరుండదు. మీ ఊరి గుడిలో కొత్త విగ్రహానికి మొక్కేటప్పుడు మా తమ్ముణ్ణి ఒకసారి తలుచుకోండి.